ఆఖరి రెండు నిమిషాలు: కొత్త హాకీ అభిమానికి ఓ పాత అభిమాని జవాబు

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన మగవాళ్ల జట్టు కాంస్యం గెలవడం చూసి హాకీ వెంట పడ్డారు. అప్పటినుంచి మన జట్ల పెద్ద మ్యాచ్ ఒక్కటీ వదలడం లేదు. గెలిస్తే రెండు రోజులు గాల్లో తేలుతున్నారు, ఓడితే అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్ ఓడిన రాత్రి ఇంట్లో అందరి మీదా విసుక్కున్నారు. ఆఫీసులోనేమో "ఇంకా హాకీ చూసేవాళ్లున్నారా?" అని నవ్వుతున్నారు. ఈ బాధ ఎప్పటికైనా తగ్గుతుందా, చూడటం మానేస్తే మంచిదా, ఏడేళ్ల పాపకు ఈ పిచ్చి అంటించొచ్చా అని అడిగారు.

నేను సికింద్రాబాద్‌లో రైల్వే, మిలిటరీ జట్ల ఆట చూస్తూ పెరిగినవాణ్ని. కాలేజీ జట్టుకు లెఫ్ట్ హాఫ్ ఆడాను, అంతకు మించి పైకి వెళ్లలేదు. 1982 ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1తో మనం చిత్తయినప్పుడు స్కూల్లో ఉన్నాను. అంటే, ఓటములు చూడటంలో నాకున్న సీనియారిటీ తక్కువేం కాదు.

బాధ తగ్గదు. అది ముందే చెప్పేస్తున్నా. కానీ ఆట లోపల ఏం జరుగుతోందో తెలిసేకొద్దీ ఓటమి మీద పడే తీరు మారుతుంది. మీరిప్పుడు స్కోరు చూస్తున్నారు. స్కోరు ఒక్కటే చూసేవాణ్ని హాకీ ఏడిపించినట్టు ఇంకే ఆటా ఏడిపించదు. ఎందుకో చూడండి.

క్రికెట్‌లో ఓటమి దూరం నుంచే కనిపిస్తుంది. పది ఓవర్ల ముందే మనసు సర్దుకోవడం మొదలుపెడుతుంది. అరవై నిమిషాల హాకీలో 58వ నిమిషంలో కూడా మీరే గెలుస్తూ ఉంటారు. 2000 సిడ్నీలో పోలెండ్ మీద 1-0తో ఉన్నాం. గెలిస్తే సెమీస్. ఆట ఇంకో రెండు నిమిషాలు కూడా లేదు, వాళ్లు సమం చేశారు. మన హైదరాబాదీ ముకేశ్ కుమార్‌కు అది మూడో ఒలింపిక్స్. ధన్‌రాజ్ పిళ్లై ఉన్నాడు, దిలీప్ టిర్కీ ఉన్నాడు. అంత జట్టు పెట్టుకుని ఏడో స్థానంతో ఇంటికొచ్చాం. 2016 రియోలో జర్మనీతో 1-1. మూడే మూడు సెకన్లున్నాయనగా క్రిస్టోఫర్ రూర్ గోల్ కొట్టాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీస్‌లో మలేసియా చివర్లో 2-2 చేసింది, షూటౌట్‌లో (ఆట సమమైతే ఒక్కొక్కరే కీపర్ మీదికి వెళ్లి గోల్ కొట్టే పోటీలో) మనం 7-6తో ఓడాం. దానితోపాటు టోక్యోకు నేరుగా వెళ్లే దారీ పోయింది.

హాకీలో ఆట ఇలా చివర్లో తిరగబడటానికి ఒక పెద్ద కారణం పెనాల్టీ కార్నర్. మైదానంలో ఎంత బాగా ఆడినా సరే, డి (గోల్ ముందుండే అర్ధవృత్తం లాంటి గీత) లోపల డిఫెండర్ కాలికి బంతి తగిలిందా, అయిపోయింది. అప్పటిదాకా పదకొండు మంది ఆడిన ఆట ఆగిపోయి ఒక కొత్త ఆట మొదలవుతుంది. గోల్ కీపర్‌తో కలిపి అయిదుగురే గీత వెనక నిలబడతారు. గబగబా ముఖానికి మాస్కులు, మోకాళ్లకు ప్యాడ్లు తగిలించుకుంటారు. బంతి పక్క నుంచి వస్తుంది, ఒకడు ఆపుతాడు, ఇంకొకడు స్టిక్‌కి ఆనించి ఈడ్చి విసురుతాడు. మన వైపు నుంచి ఒకడు ప్రాణాలకు తెగించి ఆ ఫ్లిక్ కొట్టేవాడి మీదికి నేరుగా పరిగెడతాడు. వాణ్ని ఫస్ట్ రషర్ అంటారు. టీవీలో ఎవరూ వాడి పేరు చెప్పరు. టైమ్ అయిపోయినా సరే, ఇచ్చిన పెనాల్టీ కార్నర్ పూర్తయ్యేదాకా ఆట ముగియదు. హూటర్ మోగాక కూడా గుండె పట్టుకుని కూర్చోవాల్సిన ఆట ఇది.

పారిస్‌లో మన జట్టుకు ఆ ఫస్ట్ రషర్ అమిత్ రోహిదాస్. పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే అతనికి రెడ్ కార్డ్ చూపించారు. ఆ రోజు ఆదివారం మధ్యాహ్నం. పది మందితో నలభై నిమిషాలకు పైగా నిలబడి, 1-1 దగ్గర కాపాడుకుని, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. మీరు వీధిలోకి పరిగెత్తి కేకలు పెట్టానని రాశారు. పెట్టాల్సిందే. కానీ ఆ రెడ్ కార్డ్ బిల్లు రెండు రోజుల తర్వాత వచ్చింది. సెమీస్‌లో జర్మనీ మీద రోహిదాస్‌ను ఆడనివ్వలేదు. వాళ్ల మొదటి గోల్ దేంట్లోంచి వచ్చిందో గుర్తుందా? పెనాల్టీ కార్నర్‌లోంచి. కొట్టినవాడు గొంజాలో పెయాట్. ఆ తర్వాత పెనాల్టీ స్ట్రోక్ (కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టేది) కొట్టినవాడు మళ్లీ అదే రూర్. రియో గాయం మీదే మళ్లీ కొట్టాడు. 54వ నిమిషంలో మూడోది పడింది, 3-2తో ఓడిపోయాం. మనకు వచ్చిన పెనాల్టీ కార్నర్లలో చాలావరకు వృథా చేసుకున్నాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రాత్రి మీకు అది "దురదృష్టం"గా కనిపించింది. దురదృష్టానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్ల మీద పడ్డారు. నాకూ ఆ రాత్రి బాధగానే ఉంది. కాకపోతే రోహిదాస్ లేకుండా జర్మనీ పెనాల్టీ కార్నర్లను ఎలా ఆపుతారన్న భయంతోనే టీవీ ముందు కూర్చున్నాను. భయపడిన చోటే దెబ్బ తగిలింది. కారణం తెలిసిన బాధ త్వరగానే దారికొస్తుంది.

అందుకే నేను చేసే పని మీరూ చేసి చూడండి. మ్యాచ్ చూసేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. క్వార్టర్‌కు (పదిహేను నిమిషాల భాగానికి) ఇన్ని అని, మనం ఎన్నిసార్లు డి లోకి వెళ్లాం, వాళ్లు ఎన్నిసార్లు వచ్చారు, ఎవరికి ఎన్ని పెనాల్టీ కార్నర్లు దక్కాయి, ఎవరికి ఎన్ని కార్డులు పడ్డాయి, ఇవి గీతలు పెట్టుకోండి చాలు. గ్రీన్ కార్డ్ అంటే రెండు నిమిషాలు ఒక మనిషి తక్కువ, ఎల్లో అంటే కనీసం అయిదు. ఆ నిమిషాల్లో ఏం జరిగిందో పక్కన రాసుకోండి. రెండు మూడు టోర్నమెంట్ల తర్వాత మీకే తెలుస్తుంది, స్కోరు అబద్ధం చెప్పిన మ్యాచ్ ఏదో, నిజం చెప్పిన మ్యాచ్ ఏదో. చేతికి పని ఉంటే టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది, అది అదనపు లాభం.

2025 జూన్ తీసుకోండి. యూరప్‌లో ప్రో లీగ్ (పెద్ద దేశాల జట్ల మధ్య జరిగే లీగ్) ఆడుతూ మన మగవాళ్ల జట్టు వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడింది. వాట్సాప్ గ్రూపుల్లో "హాకీ మళ్లీ చచ్చిపోయింది" అని సంతాపాలు మొదలయ్యాయి. కానీ ఆ ఏడింటిలో చాలావరకు ఒక్క గోల్ తేడావే. నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, అర్జెంటీనా లాంటి జట్ల మీద 1-2, 2-3, 3-4 ఇలాంటి స్కోర్లు. చివరి క్వార్టర్లో వదిలేస్తున్నారు, అంతే. సెప్టెంబర్‌లో అదే జట్టు రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో కొట్టి ఆసియా కప్ గెలిచింది. జూన్‌లో చచ్చిందన్నవాళ్లే సెప్టెంబర్‌లో "స్వర్ణయుగం" అన్నారు. రెండూ నమ్మకండి. ఆసియాలో గెలవడం వేరు, యూరప్‌లో గెలవడం వేరు.

స్వర్ణయుగం అంటే గుర్తొచ్చింది. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాల లెక్క మెడకు కట్టుకుని తిరగకండి. అందులో ఆఖరిది 1980 మాస్కోది. అప్పటికి పెద్ద జట్లు చాలావరకు ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. ప్రపంచకప్ మనం గెలిచింది ఒక్కసారే, 1975లో కౌలాలంపూర్‌లో. 1976 మాంట్రియల్లో ఆర్టిఫిషియల్ టర్ఫ్ వచ్చాక ఏడో స్థానానికి పడ్డాం. "మనల్ని ఓడించడానికే గడ్డి తీసేశారు" అని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కొంత నిజం ఉండొచ్చేమో గానీ, మన దగ్గర టర్ఫ్‌లు వేసుకోవడానికి పట్టిన ఏళ్లకు ఎవరు బాధ్యులు? 2008లో బీజింగ్‌కు అర్హతే దక్కలేదు, చిలీలో బ్రిటన్ చేతిలో ఓడి ఆగిపోయాం. 1928 తర్వాత మనం లేని మొదటి ఒలింపిక్స్ అది. 2012 లండన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడి ఆఖరున నిలిచాం. మీరు 2021లో మొదలుపెట్టారు కాబట్టి ఇవేవీ మీకు తగల్లేదు. అదృష్టవంతులు. మాకు కాంస్యం అంటే ఏమిటో మీకు పూర్తిగా తెలియాలంటే లండన్ చూసి ఉండాలి.

టోక్యో ఆ ఉదయం గురించి మాత్రం కాసేపు మాట్లాడుకుందాం, నాకూ ఇష్టమే. ఏడింటికి మ్యాచ్. రెండో నిమిషంలోనే జర్మనీ గోల్. 25వ నిమిషానికి 3-1. ఆపేద్దామని ఎంతమంది రిమోట్ పట్టుకున్నారో. 27వ నిమిషం నుంచి 34వ నిమిషం లోపల హార్దిక్, హర్మన్‌ప్రీత్, రూపిందర్, సిమ్రన్‌జీత్, వరసగా నాలుగు గోల్స్. 5-3. తర్వాత వాళ్లు ఒకటి తగ్గించారు. ఏడు సెకన్లు కూడా లేవనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. మన గోల్ కీపర్ శ్రీజేష్ ఆపాడు. సిడ్నీ, రియో, జకార్తా చూసినవాళ్లం ఆ ఏడు సెకన్లలో గోల్ పడిపోయిందనే అనుకున్నాం. మా అన్నయ్య టీవీకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆపాడని మేం చెప్పినా నమ్మలేదు, రీప్లే చూశాకే కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి.

మీరు అమ్మాయిల జట్టు గురించి ఒక్క ముక్కే రాశారు, "రాంచీ మ్యాచ్ కూడా బాధపెట్టింది" అని. వాళ్ల కథ మగవాళ్ల కథ కంటే పెద్దది, అక్కడ ఇంకా ఎక్కువ గుండె కావాలి. టోక్యోలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడారు. తర్వాత ఐర్లాండ్, దక్షిణాఫ్రికా మీద గెలిచి, క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాను 1-0తో ఇంటికి పంపారు. గుర్జీత్ ఒక్క గోల్, ఆ తర్వాత గోల్ కీపర్ సవిత గోడలా నిలబడింది. కాంస్యం మ్యాచ్‌లో 0-2 నుంచి అయిదు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి 3-2 చేసి, చివరికి 4-3తో ఓడారు. మరుసటేడు కామన్వెల్త్ సెమీస్ షూటౌట్‌లో ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని సవిత ఆపితే, గడియారం మొదలవలేదని మళ్లీ ఆడించారు, ఈసారి గోల్ పడింది. అంతర్జాతీయ సమాఖ్య తర్వాత క్షమాపణ చెప్పింది. ఆ క్షమాపణ ఎవరికి కావాలి? 2024 జనవరిలో రాంచీలో ఒలింపిక్ అర్హత పోటీల సెమీస్‌లో జర్మనీకి షూటౌట్‌లో ఓడి, మర్నాడు జపాన్‌కు 1-0తో ఓడి, పారిస్ పోగొట్టుకున్నారు. ఆ మర్నాటి మ్యాచ్ చూడటం కష్టమైంది. ఏడ్చి ఇరవై నాలుగు గంటలు కాకుండానే మళ్లీ టర్ఫ్ మీదకి రావడమంటే మాటలా.

మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన గోల్ కీపర్ ఇటిమరపు రజని ఏళ్ల తరబడి ఆ సవిత వెనకే రెండో కీపర్‌గా ఉంది. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య ఇండియాకు ఆడింది. మన ఊళ్లలో వీళ్ల పేర్లు అడిగితే ఎంతమంది చెప్తారు? దానికంటే బాధ ఏముంది, మీ ఆఫీసువాళ్ల నవ్వులు ఒక లెక్కా.

ఇక్కడ ఒక చేదు విషయం. టోక్యోలో అమ్మాయిలు సెమీస్‌లో అర్జెంటీనాకు ఓడిన రోజు, హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారు. నాలుగు రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది. 1982లో గోల్ కీపర్ మీర్ రంజన్ నేగిని అమ్ముడుపోయాడన్నారు. అదే నేగి 1998 బ్యాంకాక్‌లో మనం ఆసియా స్వర్ణం గెలిచినప్పుడు కీపర్లకు కోచ్. ఓడినప్పుడు కోపం వస్తుంది, సరే. కానీ ఆ కోపం ఆడినవాళ్ల పుట్టుక మీదకీ, నిజాయితీ మీదకీ వెళ్తే, వాణ్ని అభిమాని అనడానికి నాకు నోరు రాదు. షూటౌట్ ఓడాక ఫోన్ తీసి ఆటగాళ్ల పేజీల కింద రాసే అలవాటుంటే ఈ రోజే మానేయండి. అసలు మ్యాచ్ అయ్యాక ఆ రాత్రికి ఫోన్ పక్కన పడేయండి. పోస్ట్‌మార్టం మర్నాడు చేసుకోవచ్చు, హైలైట్స్ ఎక్కడికీ పోవు. మర్నాడు చూస్తే ముందు కనిపించనివి కనిపిస్తాయి కూడా.

నిద్ర ఒకటి రెండు రాత్రులు పట్టకపోతే కంగారు పడక్కర్లేదు. వారాల తరబడి అదే ఆలోచన, పని మీద ధ్యాస లేదు, ఇంట్లో గొడవలు ఆగడం లేదంటే మాత్రం అది హాకీ సమస్య కాదు, డాక్టర్‌తో మాట్లాడండి. మొహమాటం వద్దు.

మానేయాలా అన్న ప్రశ్నకు జవాబు: పెద్ద టోర్నమెంట్లు మానేయొద్దు, చిన్నవి కలుపుకోండి. నాలుగేళ్లకోసారి వచ్చే మ్యాచ్ మీదే మొత్తం మనసు పెడితే ఆ బరువు ఎవరూ మోయలేరు. 2025 డిసెంబర్‌లో చెన్నై, మదురైలలో జూనియర్ ప్రపంచకప్ జరిగింది. శ్రీజేష్ కోచ్. సెమీస్‌లో జర్మనీ చేతిలో 5-1తో ఓడి, కాంస్యం మ్యాచ్‌లో అర్జెంటీనా మీద 0-2 నుంచి చివరి క్వార్టర్లో నాలుగు గోల్స్ కొట్టి గెలిచారు. మన నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు నాలుగు గంటలు. ఆ పిల్లల్లో కొందరు రేపు సీనియర్ జట్టులో ఉంటారు. పంతొమ్మిదేళ్లప్పుడు వాడు ఎలా ఆడేవాడో చూసి ఉంటే, తర్వాత వాడు ఒక పెనాల్టీ స్ట్రోక్ తప్పిస్తే తిట్టబుద్ధి కాదు.

హాకీ ఇండియా లీగ్ కూడా చూడండి. అక్కడ ఇంకో తమాషా ఉంది. పారిస్ సెమీస్‌లో మనల్ని ఏడిపించిన పెయాట్ ఆరు నెలలు తిరక్కుండా హైదరాబాద్ తూఫాన్స్ తరఫున మన కోసం గోల్స్ కొట్టాడు. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్లో బెంగాల్ టైగర్స్‌కు 4-3తో ఓడినా, ఆ పూట అతను గోల్ కొట్టినప్పుడల్లా మా ఇంట్లో చప్పట్లే. ఆరు నెలల కిందట అదే మనిషిని ఏమన్నామో ఇక్కడ రాయలేను. నా ఫిర్యాదల్లా ఒకటే. జట్టు పేరు హైదరాబాద్‌ది, ఆ సీజన్ మ్యాచ్‌లేమో రూర్కెలాలో, రాంచీలో. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది గచ్చిబౌలిలోనే, గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు మగవాళ్లు ఫైనల్లో పాకిస్తాన్‌ను ఓడించారు, అమ్మాయిలూ స్వర్ణం గెలిచారు. ఈ ఊరికి హాకీ కొత్తేం కాదు.

ఇక పాప సంగతి. చూపించండి, కానీ టీవీలో మొదలుపెట్టొద్దు. టీవీలో బంతి పిల్లలకు కనపడదు. ఏ ఊళ్లో టోర్నమెంట్ దొరికితే ఆ ఊళ్లో, అంతర్ జిల్లా పోటీలైనా సరే, మైదానానికి తీసుకెళ్లండి. టర్ఫ్ ఉన్న చోటయితే అరగంట ముందే వెళ్లండి, మ్యాచ్‌కు ముందు నీళ్లు చల్లుతారు, పిల్లలకు అది భలే సరదా. గోల్ వెనక కూర్చోకండి, దూరం తెలియదు, పైగా ఫ్లిక్‌లు అటే వస్తాయి. పక్క స్టాండ్‌లో, 23 మీటర్ల గీతకు ఎదురుగా, నాలుగైదు వరసలు పైకి కూర్చుంటే పెనాల్టీ కార్నర్‌లో రషర్ పరిగెత్తేది కూడా స్పష్టంగా కనిపిస్తుంది. తను ఏ జట్టు వైపు ఉండాలో మీరు చెప్పకండి. షూటౌట్ దాకా వెళ్తే ఒక్కొక్కరికి ఎనిమిది సెకన్లే అని చెప్పి లెక్కపెట్టమనండి. తినేవి, నీళ్లు ముందే కొని పెట్టుకోండి. హాఫ్‌టైమ్ పది నిమిషాలే, క్యూలో నిలబడితే మూడో క్వార్టర్ మొదలైపోతుంది.